జానెడు సందు

మా అబ్బ కంచె పైభాగం ఎప్పుడూ చూసేవాడు కాదు. చేతికర్ర పట్టుకొని, నడుం వంచి, కంప కింద ఎక్కడ నేల కనిపిస్తుందా అని వెతుక్కుంటూ తోట చుట్టూ తిరిగేవాడు. "నిలువెత్తున ఉంటే ఏం లాభంరా? అడుగున జానెడు సందుంటే సాలు, అలసంద మడి చెవులపిల్లిదే" అనేవాడు. కడప జిల్లాలో పాపాఘ్ని ఒడ్డున, బావి కింద ఎకరన్నర తోట మాది. వంగ, మటిక, అలసంద, గట్ల పక్కన గెనుసుగడ్డ.

గెనుసుగడ్డ కోసం ఏదుపంది, పందికొక్కు వస్తాయి. అవి నేల తవ్వే జాతి, వాటి ముందు కంచె పప్పులు ఉడకవు. కుక్కను పెట్టుకొని రాత్రి కాపలా పడుకోవాల్సిందే. చెవులపిల్లి అలా కాదు. సీమదేశాల కుందేలు మాదిరి మనది బొరియ తవ్వదు. పగలంతా ఏ పొద మొదట్లోనో ఒంటికి సరిపడా గుంటలో అణిగి ఉండి, మసక పడ్డాక లేత చిగుళ్ళకు బయల్దేరుతుంది. తవ్వడం రాదు కాబట్టి దానికి కంచె అడుగే దారి.

అబ్బ చిన్నప్పటికి ముందు, ఆయన తండ్రి కాలంలో, ఏటా ఎండాకాలంలో రేగు, పరికి, తుమ్మ కంప కొట్టి బండ్లకెత్తి తెచ్చేవాళ్ళట. పంగలకర్రతో నెట్టి వరుసగా పేర్చేవాళ్ళు. ఎండుకంపను చెదలు తినేదీ అడుగునుంచే. సంక్రాంతి నాటికి పైన ముళ్ళుండేవి, కింద మన్నుండేది.

ఈ ఏటేటా చాకిరీ తప్పించింది నాగజెముడు. అది మన నేల చెట్టు కాదు, అమెరికా ఖండాలది. మెక్సికోలో స్పెయిన్ వాళ్ళ చేతిలో ఉన్న ఎర్రరంగు వ్యాపారం మీద కుంపిణీ వాళ్ళకు కన్నుపడింది. ఆ రంగు జెముడు మీద బతికే పురుగు నుంచి వస్తుంది. అందుకని మద్రాసులో జేమ్స్ ఆండర్సన్ అనే వైద్యుడు జెముడు తోటలే వేయించాడు. 1795లో పురుగు కూడా వచ్చింది గానీ, అది అసలు రకం కాదు. రంగు వ్యాపారం పండలేదు. జెముడు మాత్రం కంచెలకెక్కింది. రాలిన మట్ట పడినచోటే వేళ్ళూనుతుంది, అందుకే దాని అడుగు ఎప్పుడూ దట్టం. చెవులపిల్లి దూరే సందుండదు.

అయితే కంచె దగ్గర అది ఆగలేదు. బీళ్ళు, బాటలు ఆక్రమించింది. దాన్ని తొలగించడానికి 1926లో సింహళం నుంచి మరో రకం పురుగును తెచ్చి దక్షిణాదిన వదిలారు. మట్టల మీద దూదిపింజల్లా తెల్లగా పట్టిందనీ, నలిపితే చేతులు రక్తం పూసినట్టయ్యేవనీ అబ్బ చెప్పేవాడు. కంచెలన్నీ కుళ్ళి కూలిపోయాయి. బీళ్ళు బాగుపడినందుకు ఊరు సంతోషించింది. అబ్బ మాత్రం గొడ్డలి పట్టుకొని మళ్ళీ కంపకు పోయాడు.

తర్వాతిది కంపచెట్టు, అంటే సర్కారు తుమ్మ. ఆ పేరులోనే చరిత్ర ఉంది. పాముల మీదా ఫెర్న్ మొక్కల మీదా పరిశోధన చేసిన అటవీ అధికారి బెడ్డోమ్, మెట్ట నేలలకు పనికొస్తుందని 1876లో దాన్ని తెప్పించమని రాశాడు. మరుసటేడు మా పక్కనున్న కమలాపురంలోనే విత్తారు. ఇంత పెద్ద పీడ మా ఇంటి ముంగిట్లోనే మొదలైందన్న సంగతి నాకు యాభై దాటాక గానీ తెలియలేదు.

మా నాయన దాన్ని తోట చుట్టూ వేసి, ఏడాదికి రెండుసార్లు నడుమెత్తుకు నరికేవాడు. నరికినకొద్దీ మొదట్లో పిలకలు వేసి అడుగు చిక్కబడేది. ఆయనకు ఓపిక తగ్గాక నరకడం ఆగింది. పిలకలు మానులయ్యాయి, అడుగు బోడిదయింది. మేకలు కాయలు తిని పెంటికల్లో గింజలు వేస్తే వంగమడిలోనే మొలిచాయి. చెవులపిల్లి పగటి పడక కూడా మా కంచెలోకే మారింది.

ఒకప్పుడు చెవులపిల్లిని వలలు పన్ని పట్టేవాళ్ళు. మా ఇంట్లోనూ కూర వండేవాళ్ళు, దాచడమెందుకు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక కూడా అది ఒక్కరోజులో ఆగలేదు.

ఇప్పుడు తోట చిన్నాయన కొడుకు చేస్తున్నాడు. కంపచెట్లు యంత్రంతో పెరికించి, గుంజలు నాటి, చుట్టూ పాత చీరలు కట్టాడు. మొన్న పోయినప్పుడు చూశాను. ఒకటి మా అమ్మది, నేరేడుపండు రంగు, వెలిసిపోయింది. గాలికి ఒకచోట అంచు పైకి లేచి ఉంది. నాకు తెలియకుండానే నడుం వంగింది. అంచుల మీద రాళ్ళు పెట్టమన్నాను.

"పెట్టినా అన్నా. ఎనుములు తన్నేస్తాండాయి" అన్నాడు.