చౌక మాత్ర, చెడిన వాగు: పటాన్‌చెరు అనుభవం

హైదరాబాదు ఔషధ పరిశ్రమ చరిత్ర ఎగుమతులతో మొదలు కాలేదు. 1961లో ఏర్పడిన ప్రభుత్వరంగ సంస్థ ఐడీపీఎల్, సోవియట్ సహకారంతో బాలానగర్‌లో కర్మాగారం నిర్మించి, ఒక తరం రసాయన నిపుణులను తీర్చిదిద్దింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక, దాని తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటునిచ్చింది. అదే మందును మరో పద్ధతిలో చౌకగా తయారుచేసే నేర్పు ఆ వెసులుబాటులోనే పెరిగింది. 1984లో అమెరికా జెనరిక్ మందుల అనుమతులను సులభతరం చేశాక, ఆ నేర్పుకు క్రమంగా ప్రపంచ మార్కెట్టు దొరికింది.

ఆ మార్కెట్టుకు సరుకు అందించిన బల్క్ డ్రగ్ కర్మాగారాలు పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాల్లో వెలిశాయి. వాటి వ్యర్థజలాలు ఇసుకవాగు, నక్కవాగుల మీదుగా మంజీర వైపు సాగాయి. దారిలోని చెరువులు, బావులు చెడి, వాటి కింది సేద్యం దెబ్బతిన్నది. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధికేంద్రం విడిచిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ ఉన్నట్లు 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. వారి లెక్కన రోజుకు బయటికి పోయే ఆ మందు సుమారు 45 కిలోలు. అది స్వీడన్ దేశమంతా ఐదు రోజుల్లో వాడే మోతాదు.

కొనుగోలు దేశాల తనిఖీలు మందు స్వచ్ఛతను, తయారీ ప్రమాణాలను చూశాయి. గోడ దాటిన నీరు ఆ ప్రమాణాల్లో చేరలేదు. అందుకే మాత్ర ధర తగ్గినా, ఆ తగ్గింపులో కొంత భాగాన్ని బావి పోగొట్టుకున్న రైతు భరించాడు. అయితే ఇటువంటి నీటిలో మందుకు లొంగని బాక్టీరియా బలపడుతుంది. అది మంజీర తీరానికే పరిమితం కాదు. చౌక మాత్రను కొన్న దేశాలకూ చేరగలదు.