శ్రమలో ఆనందం: విలియం మారిస్ కళాదృష్టి

ఉత్తమ జీవనం అంటే ఏమిటన్న ప్రశ్నకు అరిస్టాటిల్ చెప్పిన జవాబును మేము తరగతిలో పాఠంగా చెబుతాం. ఆ జవాబు ఎవరి భుజాలమీద నిలిచిందో చెప్పం. 'నికొమాకియన్ ఎథిక్స్' పదో భాగంలో ఆయన తత్త్వచింతనను పరమసుఖంగా నిలిపాడు. చింతనకు తీరిక కావాలి. ఆ తీరిక ఎక్కడినుంచి వచ్చింది? 'పాలిటిక్స్'లో బానిసను ప్రాణమున్న పనిముట్టు అన్నదీ ఆయనే. నాడెలు తమంతట తామే నేస్తే యజమానికి బానిసతో పనిలేదన్నాడు. స్వతంత్రుల పిల్లలు సంగీతం నేర్వవచ్చునట, కాని కూలికి వాయించేవాడంత నేర్పు సంపాదించరాదట! నీతి, కళ, సుఖం మూడూ తీరికవర్గం సొత్తయిన తీరు ఇది.

తరువాత నాడెలు తామే నేయసాగాయి. 1785లో కార్ట్‌రైట్ మరమగ్గానికి పేటెంటు పొందాడు. మనిషికి మాత్రం విముక్తి రాలేదు. 1867లో వెలువడిన 'కాపిటల్' మొదటి సంపుటంలో మార్క్స్ అరిస్టాటిల్ కలను గుర్తుచేసి, పెట్టుబడిదారీ అర్థశాస్త్రజ్ఞులను ఎత్తిపొడిచింది ఇందుకే.

విలియం మారిస్ (1834–1896) ఈ ప్రశ్నను మరోవైపునుంచి పట్టుకున్నాడు. గోథిక్ కట్టడాలకు ప్రాణం రాతిపనివాడి స్వేచ్ఛేనని రస్కిన్ 1853లో రాశాడు. మారిస్ ఆ భావాన్ని సోషలిజం దాకా లాక్కుపోయాడు. మనిషి పనిలో పొందే ఆనందమే కళ అయితే, ఆనందంలేని పని చేయించే వ్యవస్థ నీతిబాహ్యమే. 1883 నవంబరులో ఆక్స్‌ఫర్డులో, రస్కిన్ అధ్యక్షతన, తాను సోషలిస్టునని బాహాటంగా చెప్పాడు. కళను గురించి వినవచ్చిన పెద్దలు నొచ్చుకున్నారు.

మారిస్‌ను యంత్రద్వేషి అని తోసిపారేసేవారు మనలోనూ ఉన్నారు. నేనొప్పుకోను. హీనమైన చాకిరీ యంత్రమే చేయాలన్నాడాయన. అంతేకాదు, 1879లో బర్మింగ్‌హాం ఉపన్యాసంలో మన దేశాన్నీ తలచాడు: బ్రిటిష్ పాలనా వర్తకమూ భారతీయ చేతిపనులను నాశనం చేస్తున్నాయనీ, ప్రభుత్వమే జైళ్లలో చవక తివాచీలు నేయిస్తున్నదనీ నిరసించాడు. ఆ తివాచీలూ చేతితో నేసినవే! చేనేత అనగానే మురిసిపోయే మన సౌందర్యవాదులు ఇక్కడ కాస్త ఆగాలి.

ఆయన చిక్కు వేరేచోట ఉంది. 1896లో ఆయన ముద్రణాలయం వెలువరించిన చాసర్ సంపుటికి కాగితపు ప్రతులు 425. ఒక్కొక్కటి 20 పౌన్లు. ఏ కార్మికుడు కొనగలడు? శ్రమకు గౌరవమిచ్చిన వస్తువు శ్రమజీవికే అందలేదు. ఈ వైరుధ్యం తన కార్ఖానాలో తీరేది కాదని మారిస్‌కు తెలుసు. కనుకనే మగ్గం దగ్గరినుంచి లేచి, లండన్ వీధి మూలల్లో నిలబడి కార్మికులకు ఉపన్యాసాలిచ్చాడు.