ముందు వాళ్లకి

ఆషాఢం. తెల్లవారుజామున మొదలైన వాన ఇంకా సన్నగా పడుతూనే ఉంది. వంటింట్లో పొయ్యి మీద ఇనప మూకుడు, అందులో జొన్నలు. మొదట ఒకటి చిట్లింది, ఆగి ఇంకొకటి, ఆ తర్వాత అన్నీ ఒక్కసారే. మా అత్తయ్య మూత వారగా పట్టుకుంది. ఆ సందులోంచి ఎగిరిపడ్డ పేలాలను మా పెద్దది గడప దగ్గర గొంతుక్కూచుని ఏరుతోంది. నాలుగేళ్ల పిల్ల. ఒక పేలం నోటిదాకా వెళ్లి ఆగింది. మామ్మ వైపు చూసింది.

"దేవుడికి పెట్టాక, తల్లీ."

చెయ్యి కిందికి దిగింది. గుప్పిట మాత్రం విప్పలేదు.

ఇవాళ తొలి ఏకాదశి. మా కోనసీమలో పిల్లల సంవత్సరం ఇక్కడే మొదలవుతుందని నాకనిపిస్తుంది. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి ఈ సీమ బతుకంతా కాలవల మీదే. ఎండాకాలం కట్టేసిన కాలవల్లోకి జూన్‌లో నీళ్లొస్తాయి. చేలు దమ్ము చేస్తారు, నారుమళ్లు పచ్చబడతాయి. ఆ వెనకే ఏకాదశి, శ్రావణ శుక్రవారాలు, చవితి, దసరా వరసగా వచ్చేస్తాయి.

రోట్లో పేలాలూ బెల్లమూ యాలకులూ దంచుతుంటే ఇల్లంతా ఆ వాసనే. అరటాకు ముక్కలో కాస్త పిండి దేవుడి ముందు పెట్టి, గంట కొట్టి, పిల్లను కళ్లు మూసుకోమన్నాం. ఒక కన్నే మూసింది.

"మామ్మా, దేవుడు తినలేదు. అంతే ఉంది."

"ఆయన ఆకు వైపు చూడడమ్మా. పెట్టిన చేతి వైపు చూస్తాడు."

పిల్ల తన గుప్పిట విప్పి చూసుకుంది. ఇందాకటి పేలం చెమటకి మెత్తబడి అరచేతికి అంటుకుపోయింది. దాన్ని గోటితో ఊడదీసి ఆకులో పెట్టింది. అప్పుడు రెండు కళ్లూ మూసింది.

*

శ్రావణ శుక్రవారం సాయంత్రం. వీధంతా తడిసి ఉంది. పట్టుపరికిణీ అంచు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని పెద్దది నా ముందు నడుస్తోంది. రెండో చేతిలో తమలపాకులు, వక్కలు, రెండు అరటిపళ్లు. నానిన శనగల పళ్లెం నా దగ్గరుంది. మొదటి ఇంటి గుమ్మంలో ఆవిడ కాళ్లకు పసుపు రాసి, బొట్టు పెట్టాను. ఆవిడ కొంగు పట్టింది.

"ఇస్తినమ్మ వాయనం."

"పుచ్చుకుంటినమ్మ వాయనం."

పిల్ల పెదాలు కదులుతున్నాయి. మూడో ఇంటికి వచ్చేసరికి నాకంటే ముందు తనే అంటోంది. రాత్రికి మేము ఇచ్చిన శనగలకన్నా మా ఇంటికొచ్చిన శనగలే ఎక్కువ. వీధిలో ప్రతి ఇల్లూ ఇదే అంటుంది. రేపు గుగ్గిళ్లు, ఎల్లుండి కూర, ఆపైన వడలు. మర్నాడు అరుగు మీద చూస్తే, పెద్దది తన గౌను కొంగులా పట్టి తమ్ముడి ముందు కూచుంది. ఏడాదిన్నర వాడు. వాడి చేతిలో ఒక చింతగింజ పెట్టి వాయనం ఇమ్మంటోంది. వాడు ఇస్తాడు, వెంటనే లాక్కుంటాడు. మళ్లీ ఇస్తాడు.

*

చవితినాడు తండ్రీకూతుళ్లు పొద్దున్నే పత్రికి వెళ్లారు. నేనూ వెనకే వెళ్లాను. చేలగట్టు మీద గరిక, కంచె వారన ఉత్తరేణి, రేగు, జిల్లేడు, ఉమ్మెత్త. పూజకు కావలసిన 21 రకాలూ మా చుట్టుపక్కల దొరకవు. మావిడి, మారేడు, జాజి, గన్నేరు, దానిమ్మ దొరుకుతాయి.

"ఒక్క కొమ్మ దగ్గరే కొయ్యకు. ఇక్కడొకటి, అక్కడొకటి" అంటాడు నాన్న. పిల్ల రెండాకులు కోసి, చెట్టును ఓసారి నిమిరి, పక్క చెట్టు దగ్గరికి వెళ్తుంది. ఉత్తరేణి గింజలు గౌనుకి అంటుకున్నాయి. ఇంటికొచ్చాక పాలవెల్లికి వెలక్కాయలూ మొక్కజొన్న పొత్తులూ వేలాడుతున్నాయి. తన పలకను వినాయకుడి పక్కన పెట్టి పసుపు రాసింది. కథ అయ్యాక అక్షింతలు తల మీద వేయించుకుని, తమ్ముడి తల మీద తనూ వేసింది.

కష్టం నిమజ్జనం రోజున వచ్చింది. కాలవ రేవులో చివరి మెట్టు మీద నాన్న, ఆయన చేతుల్లో జానెడు మట్టి వినాయకుడు. పిల్ల విగ్రహాన్ని రెండు చేతులా కావలించుకుంది.

"వద్దు. కరిగిపోతాడు."

నచ్చచెప్పాం. మళ్లీ ఏడు వస్తాడన్నాం. వినలేదు. నీళ్లలోకి జారుతుంటే కెవ్వున ఏడ్చింది. దారి పొడుగునా ఏడుస్తూనే నా భుజం మీద నిద్రపోయింది. అత్తయ్య పిల్ల కాళ్లకంటిన మట్టి తుడుస్తూ అంది: "ఏడవనీ అమ్మాయీ. ఇష్టం లేనిదాన్ని వదలడంలో ఏముంది?"

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. స్కూలు, జ్వరాలు, అన్నం తినిపించే పేచీలు, ఉతకాల్సిన బట్టలు. వీటి మధ్య పిల్లలకు దేవుణ్ణి ఎలా చెప్పాలని నేను మథనపడుతుంటాను. అత్తయ్యకు ఆ బెంగ లేదు. ఏ పండగకైనా పిల్ల చేతిలో ఏదో ఒకటి పెడుతుంది. ఆ చేతిని ఇంకొకరి వైపు తిప్పుతుంది. అంతే.

*

దసరా, దీపావళి హడావిడిగా దాటిపోయాయి. కార్తికం వచ్చింది. సోమవారాలు అత్తయ్య చుక్క చూశాకే భోంచేస్తుంది. "మామ్మా, అదిగో చుక్క" అని అరవడం పెద్దదాని ఉద్యోగం. మబ్బు పట్టిన రోజున ఆకాశమంతా వెతికి వెతికి, మామ్మకి ఆకలేస్తోందని దానికే ఏడుపు ముంచుకొచ్చింది.

ఇప్పుడు నెల ముగిసింది. ఇవాళ మార్గశిర శుద్ధ పాడ్యమి, పోలి స్వర్గం. ఇంకా చీకటి విడలేదు. రేవు నిండా ఆడవాళ్లు. తడిసిన జుట్లు, పసుపు వాసన, చలికి వణుకుతున్న గొంతుల్లో శివనామాలు. అరటి దొప్పల్లో నేతిలో నానిన 30 వత్తులు, నెలలో ఏ రోజు దీపం తప్పినా దానికి బదులుగా.

అత్తయ్య కథ చెబుతోంది. పోలి అందరిలోకీ చిన్న కోడలు. అత్తగారు మిగిలిన కోడళ్లను వెంటబెట్టుకుని ఏటికి పోతుంది. ఈ పిల్ల దీపం పెట్టకుండా ఇంట్లో వస్తువులన్నీ దాచేస్తుంది. పోలి పత్తిచెట్టు కింద రాలిన పత్తితో వత్తి చేసుకుంటుంది. కవ్వానికంటిన వెన్న రాస్తుంది. ఎవరి కంటా పడకుండా దీపం మీద బుట్ట బోర్లిస్తుంది. ఆ దీపానికే ఆకాశం నుంచి విమానం దిగింది.

"ఆ అత్త చెడ్డదా మామ్మా?"

"చెడ్డదే. నేను మీ అమ్మకి వత్తులు నానబెట్టి ఇచ్చాను, చూశావుగా."

చుట్టూ నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను.

దొప్ప పిల్ల చేతుల్లో పెట్టాం. నాన్న దాని నడుం పట్టుకున్నాడు. వెలుగు మొహం మీద పడుతోంది. నేను ఊపిరి బిగబట్టాను. నిమజ్జనం నాటి ఏడుపు ఇంకా నా చెవుల్లోనే ఉంది. పిల్ల వంగింది, దొప్పను నీళ్ల మీద ఉంచింది, కొంచెంసేపు వేళ్లు తియ్యలేదు. తర్వాత తీసింది. దొప్ప కదల్లేదు. అప్పుడు రెండు అరచేతులతో నీళ్లను ముందుకు తోసింది. ఒకసారి, ఇంకోసారి. దీపం ప్రవాహం అందుకుని, మిగతా దీపాల్లో కలిసిపోయింది. ఏది తనదో తెలీకుండా పోయింది.

"అన్నీ మనవే" అంది పిల్ల, తమ్ముడితో చెబుతున్నట్టు.

*

ధనుర్మాసం. మంచుకి కొబ్బరాకుల కొసల నుంచి బొట్లు రాలుతున్నాయి. కళ్లాపి చల్లిన వాకిట్లో ముగ్గు, ముగ్గు మధ్య గొబ్బెమ్మలు, ఒక్కోదాని మీద ఒక గుమ్మడిపువ్వు. పువ్వు గుచ్చే పని పెద్దదానిది. వీధి చివర చిడతలు వినబడగానే లోపలికి పరుగెత్తి, దోసిలినిండా బియ్యం తెచ్చింది. సగం దారిలోనే ఒలికాయి.

హరిదాసు తల మీది అక్షయపాత్ర దించడు. హరినామం తప్ప మాట ఉండదు. పిల్లకు అందేలా ఆయనే మోకాలి మీద వంగుతాడు. అంతెత్తు మనిషి తన ముందు తల వంచడం చూసి పిల్ల తడబడింది. మునివేళ్ల మీద లేచి పాత్రలో బియ్యం పోసింది. గజ్జెల చప్పుడు పక్కింటికి సాగింది. అరచేతులకంటిన నాలుగు గింజలు వాకిట్లో పిచ్చికలకి దులిపింది. ఆ పని ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం గొబ్బెమ్మలన్నీ పిడకలయ్యాయి. మధ్యలో చిల్లు పెట్టి, ఎండబెట్టి, తాడుకి గుచ్చి దండ చేసింది. ఇన్నాళ్లుగా చేసిన ఆ దండను భోగినాడు తెల్లవారుజామున మంటలో తనే వేసింది. సాయంత్రం అక్కాతమ్ముళ్లను పీటల మీద కూచోబెట్టాం. రేగిపళ్లు, చామంతి రేకలు, చెరుకు ముక్కలు, నానిన శనగలు, చిల్లర. పేరంటాళ్లు ఒక్కొక్కరే దోసిలితో తల చుట్టూ తిప్పి పోస్తున్నారు. దొర్లిన చిల్లర కోసం వీధి పిల్లలు ఎగబడ్డారు. చిన్నాడు ఒక రేగిపండు నోట్లో పెట్టుకోబోతే నేను తీసేశాను. దిష్టి తీసిన పండు. పెద్దది ఒళ్లో పడ్డ పళ్లు గుప్పిటపట్టి తమ్ముడి తల మీద పోసింది. దానికి తనకి పడటంకన్నా అదే బాగున్నట్టుంది.

కనుమనాడు జగ్గన్నతోట. కొబ్బరిచెట్ల మధ్య ఇసకేస్తే రాలని జనం. చుట్టుపక్కల ఊళ్ల నుంచి ఏకాదశ రుద్రులు ప్రభల మీద ఇక్కడికి చేరతారు. వెదుళ్లతో కట్టి, రంగు గుడ్డలు చుట్టిన ఒక్కో ప్రభనూ మనుషులు భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీ కవాతులో మన రాష్ట్ర శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే. గంగలకుర్రు ప్రభ కౌశిక ఏటి నీళ్లలోకి దిగింది. "శరభ! అశ్శరభ!" కేకలు. మోసేవాళ్లకి మెడలోతు నీళ్లు, ప్రభ ఊగుతోంది, పడదు. నాన్న భుజాల మీద కూచున్న పిల్ల ఆయన జుట్టు గట్టిగా పట్టుకుంది.

"నాన్నా, దేవుడు బరువా?"

"బరువేనమ్మా. అందుకే అంతమంది మోస్తున్నారు."

*

రథసప్తమి జిల్లేడాకులు, చిక్కుడాకుల్లో పరవాన్నం, ఉగాది వేపపువ్వు దాటి చైత్రం ఎండలోకి వచ్చేశాం. శ్రీరామనవమి. రామాలయం ముందు తాటాకు పందిరి. తడిగుడ్డ చుట్టిన కొత్త కుండల్లో పానకం, మిరియం ఘాటు ముక్కుకి తగులుతోంది. పళ్లేల్లో వడపప్పు. భద్రాచలం కల్యాణం టీవీలో మోగుతోంది. రోడ్డు మీద వచ్చే ఆటోలూ బళ్లూ పందిరి దగ్గర ఆగుతున్నాయి.

పెద్దది గ్లాసు రెండు చేతులా పట్టుకుని ఆటో దాకా వెళ్తోంది, ఖాళీ గ్లాసుతో తిరిగొస్తోంది. ఎండకి బుగ్గలు ఎర్రబడ్డాయి. దాహమేస్తోందని నాకు తెలుస్తూనే ఉంది. చిన్నాడు గ్లాసుకి చెయ్యి చాచాడు.

"ముందు వాళ్లకి" అంది. "తర్వాత మనకి."

నేను ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు. అత్తయ్యా చెప్పలేదు. ఏడాది పొడుగునా ఆ చేతులు చేసిన పనిలోంచి వచ్చిన మాట అది. శ్లోకాలు నేర్పుతాను, కథలు చెబుతాను. పెద్దయ్యాక దాని ప్రశ్నలు దానికి వస్తాయి, జవాబులు అదే వెతుక్కుంటుంది. కానీ దాహమేసినప్పుడు కూడా చేతిలో ఉన్నది ముందు ఎదుటివాళ్లకి అందించే అలవాటు ఈ వయసులోనే పడాలి. నేను నమ్మే భక్తి అదే. అది పిల్లలకి అందాలంటే పొయ్యి దగ్గర, రేవులో, వాకిట్లో పెద్దవాళ్ల పక్కన వాళ్లకి చోటివ్వాలి. బియ్యం ఒలికినా, నెయ్యి కారినా, పని ఆలస్యమైనా సరే ఇవ్వాలి.

చిన్నాడికి గ్లాసు అందేలా నేను కిందికి వంగాను. వాడు తాగడానికి కాదు, ఇవ్వడానికి. ఆటోలో పెద్దాయన చేతులు చాచారు.