బ్యాంకు బీరువా నుంచి సర్వర్ల దాకా

గోప్యత గురించి మన దేశం చేసిన ఆలోచనలో తెలుగువాళ్ల పాలు పెద్దది. ఉత్తరప్రదేశ్ పోలీసులు ఖరక్ సింగ్ అనే అనుమానితుణ్ణి రాత్రిళ్లు ఇంటికొచ్చి లేపేవారు. 1962లో సుప్రీంకోర్టు ఆ రాకలను ఆపింది కానీ గోప్యత ప్రాథమిక హక్కు కాదంది. రాజమండ్రిలో పుట్టిన జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. నిఘా మనసుకు కూడా సంకెళ్లు వేస్తుందని విడి తీర్పు రాశారు. వెంట ఒక కన్ను ఉందని తెలిసినవాడి మాట, స్నేహం, నడక అన్నీ మారిపోతాయి. 1890లో అమెరికాలో వారెన్, బ్రాండైస్ అనే న్యాయవాదులు పత్రికల చొరబాటు నుంచి ఏకాంతాన్ని కాపాడాలన్నారు. నేటి ఫోన్ల బతుక్కి సుబ్బారావు మాటే నాకు దగ్గరగా అనిపిస్తుంది.

1983లో, భార్యను కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించడం ఆమె గోప్యతను హరించడమేనని ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి అన్నారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు దాన్ని తోసిపుచ్చింది.

అసలు మలుపు స్టాంపు సుంకం దగ్గర వచ్చింది. కలెక్టరు పంపిన ఎవరైనా బ్యాంకుల్లో ఖాతాదారుల పత్రాలు తనిఖీ చేయవచ్చని 1986లో అప్పటి ఆంధ్రప్రదేశ్ చట్టం సవరించింది. కెనరా బ్యాంకు కేసులో 2004లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలవనివ్వలేదు. కాగితం బ్యాంకు చేతికిచ్చినంత మాత్రాన దానిమీద గోప్యత పోదంది. బ్యాంకు రికార్డులపై అమెరికా సుప్రీంకోర్టు 1976లో తీసుకున్న దారి వేరు. మన మెయిళ్లు, ఫొటోలు, చెల్లింపులు అన్నీ పరాయి యంత్రాల్లోనే ఉన్న కాలానికి కెనరా బ్యాంకు తీర్పు ఎంత ముందుచూపో!

2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యత ప్రాథమిక హక్కేనని ఏకగ్రీవంగా తేల్చారు. సుబ్బారావు మాట నిలిచింది. ఆ ధర్మాసనంలోని జస్టిస్ జాస్తి చెలమేశ్వర్ విశాఖలో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం చదివారు.

ఆ విశాఖతో సహా వేర్వేరు చోట్ల 2019లో, ఫేస్‌బుక్ పరిచయాల వలలో పడి రహస్యాలు చేరవేశారన్న ఆరోపణపై ఏడుగురు నావికులు అరెస్టయ్యారు. నౌకాదళం నౌకల్లో, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లు నిషేధించింది. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖలోనే 1,500 కోట్ల డాలర్లతో డేటా కేంద్రం పెడతామని ప్రకటించింది. ఉద్యోగాలు రావాలి, నేనూ కోరుకుంటున్నాను. కానీ అలాంటి చోట్ల చేరే మన సమాచారాన్ని కాపాడాల్సిన 2023 డేటా చట్టంలోని 17వ సెక్షన్ ప్రకారం, దేశభద్రత వంటి కారణాలతో కేంద్రం తన సంస్థలను ఒక నోటిఫికేషన్‌తో మొత్తం చట్టం నుంచే మినహాయించవచ్చు. కారణం రాయకుండా, హద్దు గీయకుండా అధికారం ఇచ్చారన్నదే 1986 సవరణలో కోర్టు పట్టిన లోపం. ఈ సెక్షన్‌నూ అదే గీటురాయి మీద పరీక్షించాలి.