నడుము నొప్పి వెనుక రెండు చరిత్రలు

ఫాల్గుణ చైత్ర మాసాలలో భద్రాచలం అడవి అంచు పల్లెలవారు తెల్లవారకముందే లేచి ఇప్పచెట్ల క్రిందికి చేరుతారు. రాలిన పువ్వును వంగి ఏరవలసిందే. ఆ పని ముగిసేసరికి తునికాకు కోత వస్తుంది. ఆకు కోయడం, 50 చొప్పున కట్టలు కట్టడం, మోపును కల్లానికి మోయడం, అన్నీ నడుము మీద భారం వేసే పనులే. అటు ఇల్లెందులో 1889లో బొగ్గు త్రవ్వకం ఆరంభమైన నాటినుండి గనిలో వంగి పనిచేసినవారి సంగతీ అంతే. కనుక నడుము నొప్పి ఈ ప్రాంతానికి క్రొత్త గాదు. ఆ నొప్పి పిరుదునుండి తొడ వెనుకగా పాదంవరకు ప్రాకితే దానిని సయాటికా అంటారు.

మన ప్రాచీన వైద్యులు దీనిని గృధ్రసి అన్నారు. గృధ్రమంటే గ్రద్ద. రోగి నడక ఆ పక్షి నడకను పోలి వుండడంవల్ల ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఐరోపాలో చాలాకాలం తుంటికీలు నొప్పినీ, నరం నొప్పినీ ఒకటిగానే చూశారు. 1764లో నేపుల్స్ నగర వైద్యుడు దొమెనికో కొతూన్యో ఈ రెండూ వేరని ఒక గ్రంథంలో నిరూపించాడు. 1881లో ఫోర్స్ట్ అనే ఫ్రెంచి విద్యార్థి తన గురువు లాసెగ్ నేర్పిన పరీక్షను వర్ణించాడు. రోగిని వెల్లకిల పడుకోబెట్టి, మోకాలు వంచకుండా కాలు పైకెత్తితే నొప్పి కాలి పొడవునా దిగుతుంది. దీనికి యంత్రమేదీ అక్కరలేదు. నేటికీ వైద్యులు ఈ పరీక్ష చేస్తూనే వున్నారు.

అయితే నరాన్ని నొక్కుతున్నదేమిటి? వెన్నుపూసల మధ్య మెత్తని బిళ్ళలుంటాయి. బిళ్ళ చిట్లి లోపలి గుజ్జు బయటికి పొడుచుకు వస్తే ప్రక్కనున్న నరపు వేరు నలుగుతుంది. 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్టర్, బార్ ఈ సంగతిని ప్రకటించారు.

రెండవ చరిత్ర కీళ్లవాతానిది. దేహాన్ని కాపాడవలసిన రక్షకశక్తి దేహం మీదికే తిరుగుతుందా? ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పాల్ ఎర్లిఖ్ అది దాదాపు అసంభవమని తలచాడు. 1956లో రోజ్, విటెబ్‌స్కీ కుందేళ్లలో థైరాయిడ్ గ్రంథిమీద అట్టి దాడిని కలిగించి చూపారు. కీళ్లవాతంకూడా ఈ కోవలోనిదే. 1948 సెప్టెంబరులో అమెరికాలో ఫిలిప్ హెంచ్ ఒక రోగికి కార్టిసోన్ ఇవ్వగా కొద్దిరోజులలోనే ఆమె నడవగలిగింది. 1950లో ఆయనకూ, సహచరులకూ నోబెల్ బహుమతి లభించింది. కాని ఆ మందును చిరకాలం వాడితే ఎముకలు గుల్లబారుతాయని తరువాత తెలిసివచ్చింది.

రెండవ మందు వెనుక ఒక తెలుగువాడున్నాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాల పరిశోధనకు నాయకత్వం వహించారు. ఫోలిక్ ఆమ్లాన్నీ, దాని పనిని అడ్డగించే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్‌లనూ అక్కడివారు తయారుచేశారు. సుబ్బారావు గారు 1948 ఆగస్టులో మరణించారు. 1951లో గబ్నర్ అమినోప్టెరిన్‌ను కీళ్లవాత రోగులకిచ్చి ఫలితం చూశాడు. 1988లో అమెరికా ప్రభుత్వం ఈ వ్యాధికి మెథోట్రెక్సేట్‌ను అనుమతించింది.

ఇప్పుడీ రెండు చరిత్రలు ఒకే మనిషిలో కలిస్తే ఏమిటి గతి? కీళ్లవాతమున్నవారికి నడుము నొప్పి రాగానే దానినీ వాతం క్రిందనే జమకడతారు. ఇది పొరపాటు. ఈ వాతం చేతివేళ్లనూ, మణికట్టునూ, మెడనూ పట్టినంతగా నడుమును పట్టదు. కనుక కారణం వేరే వెదకాలి. అది బిళ్ళ చిట్లడం కావచ్చు. కార్టిసోన్ జాతి మందులవల్ల గుల్లబారిన పూస కుంగడం కావచ్చు. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన వెన్ను క్షయకూడా కావచ్చు. రక్షకశక్తిని అణచే మందులు వాడేవారికి క్షయ సోకే ప్రమాదం హెచ్చు. జ్వరం, బరువు తగ్గడం, రాత్రివేళ తగ్గని నొప్పి దీనికి సూచనలు.

సాధారణ సయాటికా చాలామందిలో కొన్ని వారాలలో, నెలలలో తగ్గుతుంది. మంచం పట్టి వుండడం మేలు కాదు. నడుము నొప్పికి వారం రోజుల విశ్రాంతికంటె రెండు రోజుల విశ్రాంతి చాలునని 1986లో డెయో బృందం చూపింది. మోయగలిగినంత తేలిక పని, నడక, నడుము వంచక మోకాళ్లు వంచి బరువెత్తడం మేలు. మూత్రం బిగిసినా, అదుపు తప్పినా, కాళ్ల నడుమ మొద్దుబారినా, పాదం పడిపోయినా ఒక్క రోజైనా ఆగరాదు.

మరొక్క జాగ్రత్త. కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్‌ను వారానికి ఒక్క రోజే వాడాలి. పొరపాటున రోజూ మ్రింగితే ప్రాణం మీదికి వస్తుంది. గర్భిణులు వాడరాదు. నొప్పి మాత్రలు కొనేముందు ఈ మందు వాడుతున్న సంగతి వైద్యునికి చెప్పాలి. పట్టణపు ఆస్పత్రినుండి అడవిపల్లెకు తిరిగివచ్చిన చీటీని ఇంట్లో చదివి చెప్పేది తరచు బడికి వెళ్లే పిల్లలే గదా! “వారానికి ఒకసారి” అన్న మాటను వారు సరిగా చదివి చెబితే ఒక ప్రాణం నిలుస్తుంది.