ఉక్కుకత్తిమీది నీటిచాళ్లు

పాతకత్తిని చూచి, "ఇదేమి, యంత్రపు కత్తివలె నున్నగా లేదే!" యని పెదవి విఱచువారు కలరు. నాకా గరుకుదనమే యింపు. ఒకచోట దళసరిగను వేఱొకచోట పలుచగను సాగిన వీపు, సుత్తిదెబ్బకు రవంత యొదిగిన యంచు, పిడికడ మిగిలిపోయిన యాకురాతి గాట్లు, ఇవి యెల్ల చేసినవాని చేవ్రాళ్లు.

అందును మన తెలుగునేల యుక్కుతో చేసిన కత్తుల తీరు వేఱు. ఆ యలుగుమీద పాఱు నీటివంటి చాళ్లు కానవచ్చును. పారసీకులు దానిని జౌహరనిరి, రత్నమని యర్థము. తావెర్నియే యను ఫ్రెంచి వర్తకుడు 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున, అట్టి చాళ్లు తేలు నుక్కు గోలకొండ రాజ్యమునుండి వచ్చునని వ్రాసెను. వూట్జ్ అను నింగ్లీషు మాటయు మన 'ఉక్కు'నుండియే పుట్టినదందురు. కన్నడమందును ఉక్కు ఉక్కే కావున, ఎవరి నోట వెడలినదను తగవు మనకేల?

నిజామాబాదు సీమలోని కోనసముద్రము ఇందులకు పేరుపడిన గ్రామము. వాయిసీ యను వైద్యుడు, భూగర్భశాస్త్రజ్ఞుడు అచ్చటి పనిని స్వయముగా చూచెను. అతని వ్రాత 1832లో కలకత్తాలో అచ్చయినది. ఒకయూరి యినుము మూడు పాళ్లు, వేఱొక యూరి యినుము రెండు పాళ్లు కలిపి మట్టిమూసలలో నుంచి, మూతులు మూసి, తిత్తు లూది కరగించువారు. ఇస్పహాను వర్తకు లంతదూరము వచ్చి, దగ్గఱ నిలిచి సరకు తూపించుకొని కొనిపోవువారు. పరదేశి నట్లు రప్పించిన పనివాని పేరొక్కటియు నాకు గ్రంథములలో కానరాలేదు.

చాళ్ల మర్మమిది. ఈ యుక్కున నూటికి ఒకటిన్నర పాలు వఱకు కర్బనముండును. మెల్లగా చల్లార్చి, మితమైన కాకతో మాటిమాటికి సాగగొట్టిన, కర్బనముతో కూడిన గట్టి రేణువులు బారులు తీరును. పదను పెట్టిన పిమ్మట పులుసు పూయగా అవి తెల్లగను, తక్కినది నల్లగను తేలును. కాక మించెనా, చాళ్లు కరగిపోవును. ఉష్ణమాపకము లేని కాలమున కమ్మరి కంటికి తోచిన యెఱుపే కొలత! పందొమ్మిదవ శతాబ్దమున సీమయుక్కు చౌకగా దిగుటతో ఆ కొలుములు క్రమముగా చల్లారినవి.

దసరాపూజకని యింట కత్తి నుంచుకొన్న పెద్దలు మీలో నుందురు. ఒకరింట అట్టి కత్తికి గరుకుకాగితము రాచి, తళతళలాడు పూత వేయించుట చూచి నాకు మనసు చివుక్కుమన్నది. రాపిడికి మాసిన చాళ్లను నేర్పరి మరల పులుసుతో తేల్పగలడు. కొలిమిలో మితిమీఱ కాల్చి కొడవలి చేయించినచో, అవి యిక రావు. పలుచని నూనెగుడ్డతో తుడిచి, తోలు ఒరలో కాక వెలుపల పొడిచోట నుంచుడు. తోలులోని చెమ్మకు త్రుప్పు పుట్టును.