కారు షెడ్డులో కాపురం

గవర్నర్‌పేట సందుల్లో పాత మేడల పక్కగా నడిచే అలవాటుంటే ఒక సంగతి మీ కంట పడే ఉంటుంది. గేటుకు ఎదురుగా, మేడకు ఓ మూలగా ఒంటి గది. దానికి ఏనుగు దూరేంత రెండు రెక్కల తలుపు. ఆ రెక్కలోనే ఓ చిన్న కిటికీ కోసి, పాత చీర ముక్క కర్టెనుగా కట్టి ఉంటుంది. అదే ఒకప్పటి కారు షెడ్డు.

ఆ రోజుల్లో కార్లెవరికుండేవి? ఏ ప్లీడరుగారికో, డాక్టరుగారికో, పల్లెలో పొలం ఉండి పట్నంలో మేడ కట్టిన ఆసామికో. రెండో ప్రపంచయుద్ధంలో పెట్రోలుకు రేషను వచ్చేసరికి వాళ్ల కార్లూ తిరగడం తగ్గింది. ఇటు చూస్తే, 1941లో లక్ష మంది కూడా లేని బెజవాడ 1951కల్లా లక్షా అరవై వేలు దాటింది. రైలు జంక్షను, కాలవల మీద సరుకు, పుస్తకాల అచ్చు, సినిమా పంపిణీ ఆఫీసులు... బతుకుతెరువుకి కొదవ లేదు, తల దాచుకోవడానికే చోటు లేదు. షెడ్డు ఖాళీగా ఉంచడం ఏ ఇంటాయనకు మనసొప్పుతుంది?

అయితే షెడ్డు ఇల్లు కావడం మాటలు కాదండీ. కారు కడిగిన నీళ్లు పోవాలని నేల గేటువైపు వాలుగా పోస్తారు. బిందె నిలబెట్టాలంటే కింద చెక్కముక్క పెట్టాలి. ఎన్నిసార్లు కడిగినా నూనె మరక పోదు, ముగ్గు అంటదు. పైన రేకు, బెజవాడ మే నెల ఎండ! తలుపు మూస్తే చీకటి, తీస్తే వీధంతా ఇంట్లోనే. పురిటికి కూతుర్ని తెచ్చుకున్న తల్లి ఏ మూల తెర కట్టాలి? మరమ్మతుల ఖర్చు అద్దెకున్న వాళ్లదే, గది మాత్రం ఇంటాయనది.

చట్టంలోనూ షెడ్డు తోకే. 1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టం, ఇంటితోపాటు అద్దెకిచ్చే తోటలు, గ్యారేజీలు, ఔట్‌హౌసులు కూడా భవనం కిందికే వస్తాయంది. ఆ గ్యారేజీలోనే ఉయ్యాల కడతారని రాసినవాళ్లకు తోచిందో లేదో! పైగా 1957 ఆగస్టు 26 నుంచి కట్టిన భవనాలకు ఆ చట్టం వర్తించదన్నారు. మరి పాత షెడ్డుకు 1962లో కొత్త గోడ లేపితే అది ఏనాటి కట్టడం? అద్దె పెంచుతానన్న ఇంటాయన ముందు, చంకలో పిల్లతో నిలబడ్డ ఇల్లాలికి ఇది తర్కం కాదు, రేపటి వంట ఎక్కడన్న ప్రశ్న. ఆ మినహాయింపును సుప్రీంకోర్టు 1983లో కొట్టేసింది. ఆ కేసు పేరు మోటార్ జనరల్ ట్రేడర్స్! చూశారా, అక్కడా మోటార్ల మాటే. డిసెంబరు వెళ్లకుండానే ప్రభుత్వం, కట్టిన పదేళ్ల దాకా మినహాయింపంటూ ఇంకో ఉత్తర్వు తెచ్చింది.

ఇప్పుడా మేడలు ఒక్కొక్కటీ కూలి అపార్ట్‌మెంట్లవుతున్నాయి. కింద స్తంభాల మధ్య కార్లు, ఓ మూల వాచ్‌మన్ గది. పొద్దున్నే అతని భార్య రెండు కార్ల సందున, నూనె మరకను తప్పించి, ముగ్గు వేస్తూ కనిపిస్తుంది.